సీడీ ప్లేయర్ లేని కారులో ఇంట్లోని పాటల సీడీలు వినాలంటే

#1 · నల్లమల_రోడ్డు

కారు 2023 మోడల్. స్క్రీన్ ఉంది, సీడీ పెట్టే చోటు లేదు. ముందు ఒక యూఎస్‌బీ ఏ పోర్టు, దాని పక్కన ఒక టైప్ సీ, వెనక సీట్లకు ఇంకో టైప్ సీ ఉన్నాయి. వైరుతో ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్ యాప్‌లను కారు స్క్రీన్ మీద చూపించేది) వస్తుంది. ఆక్స్ (ఫోన్ శబ్దాన్ని వైరుతో కారుకు ఇచ్చే రంధ్రం) లేదు. ఇంట్లో 320 దాకా ఆడియో సీడీలు, 40 ఎంపీత్రీ సీడీలు ఉన్నాయి. సగం పాత సినిమా పాటలు, మిగతావి కర్ణాటక కచేరీలు, అన్నమయ్య కీర్తనలు.

ఆడియో సీడీని కంప్యూటర్లో తెరిచి, అందులో కనిపించిన ట్రాకులన్నీ 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఒక్కో ఫైలు 1 కేబీ మాత్రమే వచ్చింది. కారు వాటిని పట్టించుకోలేదు. ఎంపీత్రీ సీడీ నుంచి తీసినవి కంప్యూటర్లో బాగానే పాడుతున్నాయి, కారులో మాత్రం కనిపించడం లేదు. ఏ ఫార్మాట్‌లో తీయాలి, పెన్‌డ్రైవ్ ఎలా సిద్ధం చేయాలి, పాటల పేర్లు తెలుగులో కనిపిస్తాయా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

#2 · రాగలహరి

నల్లమల గారూ, మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. ముందు ఆ 1 కేబీ సంగతి చెబుతాను.

ఆడియో సీడీలో అసలు ఫైళ్లే ఉండవు. పాట అంతా ఒకే పొడవాటి ధారగా రాసి ఉంటుంది, ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక ఒకటి లోపలి అంచున ఉంటుంది. విండోస్ మనకు చూపించే డాట్ సీడీఏ ఫైళ్లు ఆ పట్టికలోని ఆనవాళ్లు మాత్రమే. ఒక్కోటి 44 బైట్లు. వాటిని ఎన్నిసార్లు కాపీ చేసినా పాట రాదు. సీడీని చదివి పాటను ఫైలుగా మార్చాలి, దాన్నే రిప్ చేయడం అంటారు.

ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే బయట పెట్టుకునే యూఎస్‌బీ డీవీడీ రైటర్ చాలు. విండోస్‌లో రిప్ చేసే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ ఉంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో పని వరస ఇలా ఉంటుంది.

మొదటిసారి తెరవగానే సెటప్ విజార్డ్ డ్రైవ్‌ను పరీక్షిస్తుంది. వేగం కంటే కచ్చితత్వం ముఖ్యమని అడిగినచోట అదే ఎంచుకోండి, సెక్యూర్ మోడ్ పెట్టుకుంటుంది. తర్వాత బాగా అమ్ముడుపోయిన సీడీ ఏదైనా ఒకటి పెట్టండి. ఇతరులు రిప్ చేసిన ఫలితాలతో పోల్చి చూసే యాక్యురేట్‌రిప్ డేటాబేస్‌లో ఆ సీడీ ఉంటే మీ డ్రైవ్ ఎన్ని శాంపిళ్లు ముందుకో వెనక్కో చదువుతోందో అదే లెక్కకట్టి సరిచేస్తుంది. కంప్రెషన్ ఎంపికలో ఫ్లాక్ (శబ్దంలో ఏమీ పోకుండా సైజు తగ్గించే ఫార్మాట్) పెట్టండి. లెవెల్ 5 సరిపోతుంది. లెవెల్ 8 పెడితే సైజు కొంచెం తగ్గుతుందే తప్ప శబ్దంలో మార్పుండదు. ఇక ప్రతి సీడీకీ టెస్ట్ అండ్ కాపీ ఎంచుకోండి. ప్రతి ట్రాకునూ రెండుసార్లు చదివి రెండు సీఆర్‌సీ (చదివింది సరిపోల్చే) సంఖ్యలు చూపిస్తుంది. రెండూ ఒకటైతే ఆ ట్రాకు బాగా వచ్చినట్టే.

యాక్యురేట్‌రిప్‌లో మన తెలుగు సీడీలు చాలావరకు దొరకవు. ‘డేటాబేస్‌లో లేదు’ అని వస్తే తప్పు జరిగిందని కంగారుపడకండి, సీఆర్‌సీలు కలిశాయా లేదా అన్నదే చూడండి. పేర్ల డేటాబేస్ సంగతీ అంతే. ఫ్రీడీబీ 2020లో మూతపడింది. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో దొరికితే సరే, లేకపోతే సీడీ కవరు చూసి చేత్తో కొట్టుకోవాల్సిందే.

గీతలున్న సీడీని మెత్తటి పొడిబట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. డేటా వలయాకారంలో ఉంటుంది కాబట్టి గుండ్రంగా పడిన గీత ఒకేచోట వరసగా చాలా సమాచారాన్ని మింగేస్తుంది. అడ్డంగా పడినదాన్ని సీడీలోనే ఉండే తప్పుల సవరణ కోడ్ సరిదిద్దగలదు. ఇంకో మాట: మెరిసే వైపు గీతల కంటే లేబుల్ వైపు గీతలే ప్రమాదం. అద్దంలాంటి పొర ఆ లేబుల్‌కు సరిగ్గా కిందే ఉంటుంది. అది లేచిపోతే ఇక చేసేదేమీ ఉండదు.

#3 · పానా_పట్టకారు

రెండో సమస్య పెన్‌డ్రైవ్‌ది. 64 జీబీ, ఆపైన ఉన్నవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఫార్మాట్ అయి వస్తాయి. చాలా కార్ల హెడ్ యూనిట్లు (డ్యాష్‌బోర్డులోని స్టీరియోలు) ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి. అందుకే కంప్యూటర్లో పాడే ఎంపీత్రీలు కూడా కారుకు కనిపించలేదు. కొన్ని యూనిట్లు ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా చదువుతాయి. ఆ విషయం మీ కారు యజమాని పుస్తకంలో ఆడియో అధ్యాయంలో రాసి ఉంటుంది.

విండోస్‌లో రైట్ క్లిక్ చేస్తే వచ్చే ఫార్మాట్ కిటికీ 32 జీబీ దాటిన డ్రైవ్‌కు ఫ్యాట్32 చూపించదన్నది పాత సంగతే. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. బూట్ ఎంపిక దగ్గర నాన్ బూటబుల్, పార్టిషన్ పద్ధతి ఎంబీఆర్, ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32 పెట్టి స్టార్ట్ నొక్కండి. డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే వేరేచోట పెట్టుకోండి. ఎంబీఆర్ ఎందుకంటే, జీపీటీ పద్ధతిలో ఉన్న డ్రైవ్‌లను కొన్ని యూనిట్లు గుర్తించవు. పార్టిషన్ ఒక్కటే ఉండాలి, రెండు ఉంటే మొదటిదే చూస్తాయి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదన్న నియమం ఉంది కానీ పాటలకు అది అడ్డురాదు.

పోర్టు కూడా చూసుకోండి. వెనక సీట్ల పోర్టులు దాదాపు అన్నీ ఛార్జింగ్‌కే. ముందున్న రెండింట్లో కూడా ఒకటే హెడ్ యూనిట్‌కు కలిసి ఉండొచ్చు. దాని పక్కన ఫోన్ బొమ్మో, యూఎస్‌బీ గుర్తో, సంగీతం గుర్తో ఉంటుంది. మెరుపు గుర్తు ఒక్కటే ఉంటే అది ఛార్జింగ్ పోర్టు. పెన్‌డ్రైవ్ లైటు వెలిగినంత మాత్రాన డేటా వెళ్తోందని అనుకోవద్దు.

కొనేటప్పుడు పొడవాటిది వద్దు. గేరు మార్చేటప్పుడు మోచేయి తగిలితే పోర్టు వదులవుతుంది. అర అంగుళం బయటికి కనిపించేది చాలు. అసలు కెపాసిటీ లేని నకిలీ పెన్‌డ్రైవ్‌లు మార్కెట్‌లో చాలా ఉన్నాయి, 64 అని రాసి లోపల 8 ఉంటుంది. కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో నిండా రాసి చదివించి చూసుకోండి. లేకపోతే మొదటి కొన్ని ఆల్బమ్‌లు పాడి మిగతావన్నీ మధ్యలో తెగిపోతుంటాయి, తప్పు రిప్పింగ్‌దేమో అనుకుని వారం వృథా అవుతుంది.

#4 · ఈశాన్య_గోదారి

సీడీలు అన్నీ రిప్ చేసే బదులు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌నే తీసుకెళ్లి కారు పోర్టుకు పెడితే? రోజుకో సీడీ మార్చుకోవచ్చు కదా.

#5 · పానా_పట్టకారు

పనిచేయదు. రెండు కారణాలున్నాయి. మొదటిది కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం 500 మిల్లీయాంప్‌లు. సీడీ తిరగడం మొదలయ్యే క్షణంలో స్లిమ్ డ్రైవ్ దాదాపు దానికి రెట్టింపు లాగుతుంది. పోర్టు చేతులెత్తేస్తుంది, డ్రైవ్ టిక్ టిక్ అంటూ మళ్లీ మళ్లీ మొదలవుతుంది. వై కేబుల్‌తో కరెంటు వేరేగా ఇచ్చినా రెండో కారణం ఉండనే ఉంది: హెడ్ యూనిట్‌కు పెన్‌డ్రైవ్ భాషే తెలుసు, సీడీ డ్రైవ్ భాష తెలియదు. రాగలహరి గారు చెప్పినట్టు ఆడియో సీడీలో దానికి అర్థమయ్యే ఫైళ్లూ లేవు.

కార్ల కోసం ప్రత్యేకంగా చేసిన యూఎస్‌బీ సీడీ ప్లేయర్లు ఉన్నాయి. అవి లోపలే సీడీని చదివి, కారుకు తాము పెన్‌డ్రైవ్‌లమని చెప్పుకుంటాయి. కొనేముందు మీ కారు మోడల్, తయారైన సంవత్సరం వాళ్ల జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే డబ్బు వృథా. సీడీలు వందల్లో ఉన్నవాళ్లకు నా సలహా రిప్పింగే. సీడీ మార్చడానికి రోడ్డు మీద నుంచి చూపు తిప్పాల్సిన పని ఉండదు.

#6 · వేగుచుక్క

ఫ్లాక్ గురించి నాది వేరే అభిప్రాయం. 80 కిలోమీటర్ల వేగంలో చిన్న కారు లోపల టైర్ల హోరు, గాలి హోరు కలిసి 70 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ఆ చప్పుడులో ఫ్లాక్‌కూ మంచి ఎంపీత్రీకీ తేడా వినపడదు. నేరుగా ఎంపీత్రీలోకే తీసేస్తే ఒక మెట్టు తగ్గుతుంది కదా. ఎంపీత్రీలు తయారుచేసే లేమ్ ఎన్‌కోడర్‌లో వీ0 అనే నాణ్యత పెడితే సగటున 245 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) దగ్గర వస్తుంది, అది చాలు.

#7 · రాగలహరి

కారులో వినడానికి చాలు, అందులో నాకూ మారుమాట లేదు. కానీ రిప్ చేసేది కారు కోసమే కాదు. 320 సీడీలను ఒక్కోటి డ్రైవ్‌లో పెట్టి, పేర్లు కొట్టి, చూసుకోవడమంటే నెలల పని. అది మళ్లీ చేయలేం. ఫ్లాక్‌లో ఒకసారి తీసి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే, రేపు కారు మారినా, ఇంకో ఫార్మాట్ వచ్చినా అందులోంచి తీసుకోవచ్చు. ఎంపీత్రీ నుంచి ఇంకో ఫార్మాట్‌కు మార్చిన ప్రతిసారీ కొంత పోతుంది, ఫ్లాక్ నుంచి మారిస్తే ఆ నష్టం ఒక్కసారే.

లెక్క చూడండి. సీడీ ఆడియో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, రెండు ఛానళ్లు, అంటే 1411 కేబీపీఎస్. గంట సీడీ ఉన్నదున్నట్టు 635 ఎంబీ. ఫ్లాక్‌లో దాదాపు సగానికి వస్తుంది, 330 ఎంబీ వేసుకోండి. 320 సీడీలకు 105 జీబీ. అదే 256 కేబీపీఎస్ ఎంపీత్రీ అయితే గంటకు 115 ఎంబీ, మొత్తం 37 జీబీ. మీ 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇమిడి ఇంకా చోటు మిగులుతుంది. కాబట్టి ఇంట్లో ఫ్లాక్, కారుకు దాన్నుంచి తీసిన ఎంపీత్రీ. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఫోల్డర్ మొత్తం ఎంచుకుని కన్వర్ట్ పెడితే రాత్రికి రాత్రి అయిపోతుంది, ట్యాగులు (ఫైలు లోపల రాసి ఉండే పాట, ఆల్బమ్, కళాకారుల పేర్లు) కూడా వాటంతట అవే వెంట వస్తాయి.

ఎంపీత్రీ సీడీల సంగతి వేరు. ఒక్క సీడీలో 150 పాటలు పట్టాయంటే అవి 128 కేబీపీఎస్ అని అర్థం. వాటిని 320కి మార్చినా పోయిన నాణ్యత తిరిగి రాదు, సైజు మాత్రం పెరుగుతుంది. ఉన్నవి ఉన్నట్టే కాపీ చేసుకోండి. సీడీ పాతబడి కాపీ మధ్యలో ఆగిపోతుంటే అన్‌స్టాపబుల్ కాపియర్ వాడండి, చదవలేని ఫైలును వదిలేసి తర్వాతిదానికి వెళ్తుంది. ఇంట్లో రాసుకున్న సీడీలుంటే ముందు వాటినే తీయండి. వాటిలో పాట ఉండేది రసాయన రంగు పొరలో, వెలుతురుకూ వేడికీ అది పాడవుతుంది. కంపెనీ ముద్రించిన సీడీలు ఆగుతాయి, ఇవి ఆగవు.

#8 · వేగుచుక్క

ఒప్పుకున్నాను. ఇంట్లో దాచుకునేదానికీ కారులోదానికీ తేడా పెట్టడం సబబే.

#9 · సరిగమ_ట్యాగు

ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోని భాగం ట్యాగులు. మన పాటలకు ఎక్కువ శ్రమ ఇక్కడే.

సినిమా ఆల్బమ్‌లో ఒక పాట ఘంటసాల, ఒకటి సుశీల, ఒకటి ఇద్దరూ కలిసి, ఇంకొకటి పిఠాపురం నాగేశ్వరరావు పాడి ఉంటారు. ఆర్టిస్ట్ గడిలో గాయకుల పేర్లు రాసి ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిని ఖాళీగా వదిలేస్తే చాలా కార్లు ఒకే సినిమాను నాలుగు ఆల్బమ్‌లుగా చీల్చి చూపిస్తాయి. ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో ఆ ఆల్బమ్ పాటలన్నిటికీ ఒకే పేరు ఉండాలి. సినిమా అయితే సంగీత దర్శకుడి పేరు, కచేరీ అయితే ప్రధాన కళాకారుడి పేరు పెట్టండి. పక్కవాద్యాల వాళ్ల పేర్లు కామెంట్ గడిలో రాసుకోవచ్చు. కీర్తన అయితే వాగ్గేయకారుడి పేరు కంపోజర్ గడిలో, రాగం తాళం పాట పేరు చివర రాస్తే స్క్రీన్ మీద కూడా కనిపిస్తాయి.

పేరు ఎప్పుడూ ఒకే రకంగా రాయాలి. సుశీల గారి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో మూడు రకాలుగా రాస్తారు. ముందు పి ఉండొచ్చు, లేకపోవచ్చు. చుక్క తర్వాత ఖాళీ ఉండొచ్చు, లేకపోవచ్చు. కారుకు ఇవన్నీ వేర్వేరు మనుషులు. ఒక కాగితం మీద పేర్ల జాబితా రాసి పక్కన పెట్టుకుని, అందులోంచే కాపీ చేయండి.

సాఫ్ట్‌వేర్ ఎంపీత్రీట్యాగ్. ఆప్షన్లలో ట్యాగ్స్, ఎంపెగ్ దగ్గర రాసే పద్ధతి ఐడీ3 వెర్షన్ 2.3, యూటీఎఫ్ 16 ఉండాలి. 2.4 ట్యాగులను కొన్ని కార్లు చదవలేక పేరు ఖాళీగా చూపిస్తాయి. కవరు బొమ్మ 500 బై 500 పిక్సెళ్ల జేపెగ్ చాలు. స్కాన్ చేసిన 3000 పిక్సెళ్ల బొమ్మ పెడితే ఒక్కో పాటకూ రెండు మూడు ఎంబీ వృథా, పైగా యూనిట్ తడబడుతుంది. ప్రోగ్రెసివ్ జేపెగ్‌లు కొన్ని కార్లలో అసలు కనిపించవు, సేవ్ చేసేటప్పుడు బేస్‌లైన్ ఎంచుకోండి.

తెలుగు అక్షరాల సంగతి. పెన్‌డ్రైవ్ నుంచి పాడితే పేరు చూపించే పని కారుది. తెలుగు ఫాంట్ లేకపోతే డబ్బాలు వస్తాయి. ఫాంట్ ఉన్నా అక్షరాలను కూర్చే ఏర్పాటు లేకపోతే వత్తులు విడిపోయి ‘కృష్ణ’ కాస్తా పక్కపక్కన పడిన ముక్కలవుతుంది. బ్లూటూత్‌లోనూ ఇదే కథ, ఎందుకంటే ఫోన్ పేరును అక్షరాలుగా పంపితే గీసేది కారే. ఆండ్రాయిడ్ ఆటోలో, ఐఫోన్లకు అలాంటిదే అయిన కార్‌ప్లేలో మాత్రం స్క్రీన్ బొమ్మను ఫోనే తయారుచేసి వీడియోగా పంపుతుంది. అక్కడ తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే ఇంటి ఫ్లాక్ ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టి, కారు ఎంపీత్రీలకు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టడం మంచిది. 320 సీడీలకు ఇది రెట్టింపు పనే, కాదనను. కానీ మన పాటకు మన లిపిలో పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి.

#10 · నల్లమల_రోడ్డు

ఇన్ని వివరాలకు కృతజ్ఞతలు. రూఫస్‌తో ఫ్యాట్32 చేశాక ఎంపీత్రీలు కనిపించాయి. కానీ వరస తప్పుతోంది. ఒక ఫోల్డర్‌లో 1, 10, 11, 2 అని వస్తున్నాయి. ఇంకో ఫోల్డర్‌లో అసలు ఏ వరసో అర్థం కావడం లేదు.

#11 · పానా_పట్టకారు

మొదటిదానికి అంకెల ముందు సున్నా పెట్టండి: 01, 02. వంద దాటే ఫోల్డర్‌కు 001.

రెండోదానికి కారణం: కొన్ని యూనిట్లు పేరు చూడవు, ఫ్యాట్ పట్టికలో ఏది ముందు రాసి ఉంటే అదే ముందు పాడతాయి. మీరు పది ఫైళ్లు ఒకేసారి లాగి వదిలితే కంప్యూటర్ వాటిని ఏ వరసలో రాసిందో ఆ వరసే ఖాయం. విండోస్‌లో డ్రైవ్‌సార్ట్, లినక్స్‌లో ఫ్యాట్‌సార్ట్ ఆ పట్టికనే పేర్ల ప్రకారం తిరగరాస్తాయి. కాపీ అంతా అయ్యాక ఒకసారి నడిపిస్తే చాలు. ఆ తర్వాత కొత్త పాటలు చేరిస్తే మళ్లీ నడపాలి. తీసేముందు సేఫ్లీ రిమూవ్ మరవొద్దు, పట్టిక సగంలో ఆగితే డ్రైవ్ మొత్తం ‘చదవలేను’ అంటుంది.

ఫోల్డర్లు రెండు అంతస్తులు చాలు: పైన సంగీత దర్శకుడు లేదా విద్వాంసుడు, లోపల ఆల్బమ్. ఎన్ని ఫైళ్ల వరకు, ఎన్ని అంతస్తుల వరకు యూనిట్ చదువుతుందో పుస్తకంలో ఉంటుంది. ఆ సంఖ్య దాటిన పాటలు ఉన్నా లేనట్టే. వేల పాటలున్నప్పుడు తాళం తిప్పిన ప్రతిసారీ జాబితా తయారుచేయడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంటే, పాత సినిమాలకు ఒకటి, కర్ణాటక సంగీతానికి ఒకటి అని రెండు చిన్న పెన్‌డ్రైవ్‌లు పెట్టుకోండి.

#12 · కృతి_ప్రియ

కచేరీ సీడీలో ఆలాపనకూ కీర్తనకూ మధ్య, కీర్తనకూ తనియావర్తనానికీ (తాళవాద్యాలు మాత్రమే సాగే భాగం) మధ్య అర సెకను మౌనం వస్తోంది. మృదంగం మధ్యలో తెగినట్టుంది. సీడీలో అలా లేదు.

#13 · రాగలహరి

ఎంపీత్రీ పాటను స్థిరమైన ముక్కలుగా కోసి రాస్తుంది. అందుకని మొదట్లో, చివర్లో కొంచెం ఖాళీ చేరుతుంది. ఎన్‌కోడర్ ఆ లెక్క ఫైలులో రాసిపెట్టినా చాలా కార్లు చదవవు. ఫ్లాక్‌లో ఆ ఖాళీ ఉండదు కానీ, ఫైలు మారేటప్పుడు యూనిట్ తానే ఒక క్షణం ఆగితే ఫ్లాక్ కూడా ఏమీ చేయలేదు.

కచేరీకి దారి ఒక్కటే: తెంపు వినపడకూడని ట్రాకులను కలిపి ఒకే ఫైలు చేయండి. ఫూబార్‌లో ఆ ట్రాకులు ఎంచుకుని, కన్వర్ట్ చేసేటప్పుడు అన్నీ కలిపి ఒకే ఫైలుగా అనే ఎంపిక ఉంటుంది. రాగం తానం పల్లవి అంతా ఒక ఫైలు అవుతుంది. ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో చెప్పే క్యూ షీట్ ఫైలు పక్కన పెట్టినా కారు దాన్ని చదవదు, కాబట్టి మధ్యలోకి దూకే సౌకర్యం పోతుంది. కచేరీకి ఆ త్యాగం చేయొచ్చు. సినిమా పాటలకు ఇదంతా అక్కర్లేదు.

#14 · వేగుచుక్క

శబ్దం హెచ్చుతగ్గుల గురించి ఒక మాట. 1950ల పాట తర్వాత ఈ మధ్య పాట వస్తే చెవులు అదిరిపోతాయి. పాటను ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పే రీప్లేగెయిన్ ట్యాగు పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అంటారు. ఫోన్‌లో సరిపోతుంది. పెన్‌డ్రైవ్ నుంచి పాడే కార్లు ఆ ట్యాగును సాధారణంగా పట్టించుకోవు. ఎంపీత్రీగెయిన్ వాడండి. అది పాటను తిరిగి ఎన్‌కోడ్ చేయకుండా, ప్రతి ఫ్రేములో ఉండే గెయిన్ అంకెను 1.5 డెసిబెల్ మెట్లలో మారుస్తుంది, కాబట్టి నాణ్యత తగ్గదు, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. లక్ష్యం 89 డెసిబెల్స్ అని మొదటి నుంచే ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. కచేరీలకు ఆల్బమ్ గెయిన్, సినిమా పాటల కలగూరకు ట్రాక్ గెయిన్. కచేరీకి ట్రాక్ గెయిన్ పెడితే నెమ్మదిగా సాగే ఆలాపనను కూడా తనియావర్తనం ఎత్తుకు లేపేస్తుంది, ఆ కళాకారుడు పెట్టిన తేడా అంతా పోతుంది.

#15 · టెక్సాస్_తెలుగు

ఐఫోన్ వాళ్ల కోసం. ఐఫోన్ మ్యూజిక్ యాప్ ఫ్లాక్‌ను లైబ్రరీలోకి తీసుకోదు. ఫ్లాక్‌ను ఆపిల్ వాళ్ల ఏఎల్‌ఏసీ ఫార్మాట్‌కు మార్చండి, రెండూ నష్టం లేనివే కాబట్టి శబ్దం ఒక్క బిట్ కూడా మారదు. విండోస్‌లో ఐట్యూన్స్ లేదా ఆపిల్ డివైసెస్, మ్యాక్‌లో ఫైండర్ ద్వారా ఫోన్‌కు ఎక్కించుకుంటే కార్‌ప్లేలో వస్తాయి. ఫోన్‌లో చోటు తక్కువైతే సింక్ చేసేటప్పుడే 256 కేబీపీఎస్ ఏఏసీకి తగ్గించే టిక్కు ఉంది. ఫ్లాక్‌ను అలాగే వాడాలంటే వీఎల్‌సీ ఉంది. వైర్‌లెస్ కార్‌ప్లేలో పాట వెళ్లేది వైఫై మీద, బ్లూటూత్ జత కలపడానికి మాత్రమే.

ఇక్కడ కొత్త కార్లలో కొన్నింటికి టైప్ సీ పోర్టులే ఉన్నాయి. ఒకవైపు ఏ, ఒకవైపు సీ ఉన్న పెన్‌డ్రైవ్ కొంటే కంప్యూటర్‌కూ కారుకూ అదే సరిపోతుంది, మధ్యలో అడాప్టర్ కదలదు.

#16 · సరిగమ_ట్యాగు

ఆండ్రాయిడ్‌లో ఇదే పనికి పవర్‌ఆంప్, మ్యూజికోలెట్, వీఎల్‌సీ యాప్‌లు మూడూ ఆండ్రాయిడ్ ఆటోలో కనిపిస్తాయి, మూడింటికీ నెట్ అక్కర్లేదు. ఫోన్‌లో మెమరీ కార్డు పెట్టే చోటుంటే ఫ్లాక్ లైబ్రరీ మొత్తం 128 జీబీ కార్డులో పడుతుంది. కేబుల్ డేటా కేబుల్ అయి ఉండాలి, మీటరు లోపు పొడవుంటే మంచిది. గతుకుల్లో ఆండ్రాయిడ్ ఆటో కనెక్షన్ తెగుతుంటే పదింట తొమ్మిదిసార్లు కేబులే కారణం. ఫోన్ పోర్టులో చేరిన దుమ్మును చెక్క పుల్లతో తీసి చూడండి.

#17 · ఈశాన్య_గోదారి

పాత కారు, యూఎస్‌బీ కూడా లేని రేడియో ఉన్నవాళ్ల సంగతి?

#18 · పానా_పట్టకారు

ఆక్స్ రంధ్రం ఉంటే అదే మేలు. ఫోన్ శబ్దం పూర్తిగా పెంచకుండా ఓ 85 శాతం దగ్గర ఉంచి, మిగతాది కారులో పెంచండి. ఛార్జర్ పెట్టగానే ఇంజిన్‌తో పాటు పెరిగే ‘కుయ్’ శబ్దం వస్తే అది గ్రౌండ్ లూప్. ఆక్స్ కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా పెడితే పోతుంది, లేదా ఛార్జర్ తీసేసినా పోతుంది.

ఆక్స్ కూడా లేకపోతే సిగరెట్ లైటర్‌లో పెట్టే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. ఇది ఆఖరి దారి. ఎఫ్ఎం 15 కిలోహెర్ట్జ్ దాటి మోయదు, తాళాల మెరుపు మొద్దుబారుతుంది. నగరంలో ఖాళీ చోటు దొరకడమే కష్టం. హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3, 101.9, 102.8 అన్నీ నిండి ఉన్నాయి. అటూ ఇటూ 0.4 మెగాహెర్ట్జ్ మేర ఏ స్టేషనూ లేని చోటు వెతకండి, 88 దగ్గర మొదలుపెట్టి చూడండి. ఊరు మారితే మళ్లీ మార్చుకోవాలి.

ఈ రెండూ వద్దనుకుంటే స్టీరియోనే మార్చడం. స్టీరియో పట్టే చోటుకు డిన్ అనే కొలత ఉంది, సింగిల్ డిన్ చోటు 180 బై 50 మిల్లీమీటర్లు, డబుల్ డిన్ 180 బై 100. కారు వైర్లు కోయనివ్వకండి, మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ (కోయకుండా వైర్లు కలిపే ప్లగ్) అడిగి వేయించండి. పసుపు వైరు ఎప్పుడూ 12 వోల్టులు ఉండేది, ఎరుపు తాళంతో వచ్చేది, నలుపు గ్రౌండ్. పసుపును కూడా తాళం లైనుకే కలిపితే బండి ఆపిన ప్రతిసారీ పాట మొదటికొస్తుంది, గడియారం, సెట్టింగులు పోతాయి. ఈ ఒక్క తప్పు చూసి యూనిట్ పాడైందని తిరిగిచ్చేసేవాళ్లున్నారు.

#19 · కృతి_ప్రియ

బ్లూటూత్‌లో శబ్దం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. ఆక్స్ కంటే తక్కువా?

#20 · వేగుచుక్క

కార్లలో ఎక్కువగా ఎస్‌బీసీ, ఏఏసీ కోడెక్‌లే (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతులు) ఉంటాయి. ఎస్‌బీసీ బాగా పనిచేస్తే 328 కేబీపీఎస్ వరకు వెళ్తుంది, కారు హోరులో అది చాలు. కాకపోతే మీ ఎంపీత్రీని ఫోన్ విప్పి మళ్లీ ఎస్‌బీసీలోకి కుదిస్తుంది, అంటే నష్టం రెండుసార్లు. బ్లూటూత్‌లో వినేవాళ్లు ఫోన్‌లో ఫ్లాక్ పెట్టుకుంటే లాభం ఉండేది ఇక్కడే. నోటిఫికేషన్ శబ్దాలు ఆపుకోండి, పల్లవి మధ్యలో టింగ్‌మంటుంది.

#21 · మైలవరం_మెయిల్

సొంత సీడీ కాపీ చేసుకోవడం చట్టరీత్యా తప్పు కాదా?

#22 · రాగలహరి

మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(ఎ) సొంత, వ్యక్తిగత వినియోగానికి న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. మన సీడీ, మన కారు, మన చెవులు. ఆ పెన్‌డ్రైవ్‌ను పదిమందికి కాపీ చేసి పంచితే అది వేరే సంగతి. సీడీ అమ్మేసి పాట ఉంచుకోవడం కూడా నా దృష్టిలో తగదు.

#23 · నల్లమల_రోడ్డు

పది సీడీలు ఫ్లాక్‌లో తీసి, 256 ఎంపీత్రీ చేసి, ఆల్బమ్ ఆర్టిస్ట్ నింపి, డ్రైవ్‌సార్ట్ నడిపాను. వరస సరిపోయింది, సినిమాలు చీలడం లేదు. రెండు మిగిలాయి. ఇంట్లో మ్యాక్ నుంచి కాపీ చేసిన మూడు ఆల్బమ్‌లలో ప్రతి పాటకూ ముందు అదే పేరుతో పాడని పాట ఇంకోటి కనిపిస్తోంది. రెండోది, ఎండలో మూడు గంటలు ఆపిన తర్వాత పెన్‌డ్రైవ్‌ను కారు గుర్తించడానికి చాలాసేపు పట్టింది. చేత్తో తాకితే కాలింది.

#24 · పానా_పట్టకారు

మొదటిది మ్యాక్ రాసే దాగిన ఫైళ్లు. చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లు, సైజు 4 కేబీ. కారుకు దాగినవేవో తెలియదు, చివర ఎంపీత్రీ అని ఉంటే జాబితాలో పెట్టేస్తుంది. మ్యాక్ టెర్మినల్‌లో డాట్‌క్లీన్ ఆజ్ఞను ఎం అక్షరంతో ఆ డ్రైవ్ మీద నడపండి, లేదా విండోస్‌లో దాగిన ఫైళ్లు చూపించే టిక్కు పెట్టి వెతికి తీసేయండి. ఆ తర్వాత డ్రైవ్‌సార్ట్ ఇంకోసారి.

రెండోది వేడి. మామూలు పెన్‌డ్రైవ్‌లు చాలావాటికి పనిచేసే హద్దు 60 డిగ్రీలు. మే నెల ఎండలో అద్దాలు మూసిన కారులో డ్యాష్‌బోర్డు దగ్గర అది దాటుతుంది. బండి ఆపినప్పుడు పెన్‌డ్రైవ్ తీసి గ్లవ్ బాక్స్‌లో వేయండి. ఎక్కాక ముందు ఏసీ వేసి, ఐదు నిమిషాల తర్వాత పెట్టండి. అదే కొలతలో ఉన్న ఇంకో పెన్‌డ్రైవ్‌కు మొత్తం కాపీ చేసి ఇంట్లో ఉంచుకోండి, ఇది పోయిన రోజు అది తీసుకెళ్లొచ్చు. అసలు సీడీలు మాత్రం కారులో ఒక్కటి కూడా ఉంచకండి.

#25 · నల్లమల_రోడ్డు

దాగిన ఫైళ్లు తీసేశాక జాబితా శుభ్రంగా వచ్చింది. మిగిలిన 310 సీడీలకు పేర్ల జాబితా రాయడం మొదలుపెట్టాను. సరిగమ_ట్యాగు గారూ, సంగీత దర్శకులు ఇద్దరు కలిసి చేసిన సినిమాలకు ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో ఎవరి పేరు?

#26 · సరిగమ_ట్యాగు

ఇద్దరి పేర్లూ, సీడీ కవరు మీద ఉన్న వరసలో, మధ్యలో అండ్ గుర్తుతో రాయండి. సెమీకోలన్, స్లాష్ వద్దు. వాటిని చూసి కొన్ని యూనిట్లు ఇద్దరు వేర్వేరు ఆర్టిస్టులుగా విడగొడతాయి, ఆల్బమ్ మళ్లీ చీలుతుంది.